రెండు కోడిపుంజు డాళ్లు

మెలిత్త నాతో మొదటిసారి మాట్లాడింది తిట్టడానికే. ఏథెన్స్‌లో మా పేట ఊట దగ్గర ఆడవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. నేను గురువుగారి పాఠం వల్లె వేసుకుంటూ పోయి ఆమె కడవకి తగిలాను. అది కాస్తా పగిలింది.

"కళ్లు నెత్తికెక్కాయా?"

"పాఠం గుర్తు చేసుకుంటున్నా. మంచితనం నేర్చుకుంటున్నాను."

"మంచితనమా? అది కూడా నేర్పుతారా ఎవరైనా?"

"సిసిలీ నుంచి వచ్చిన పండితుడు నేర్పుతాడు. ధైర్యం, న్యాయం, నిగ్రహం అన్నీ మూడేళ్లలో వచ్చేస్తాయి."

"నీకెంతదాకా వచ్చాయి?"

"ధైర్యం అయిపోయింది. న్యాయంలో ఉన్నాం."

"అయితే కొత్త కడవ తెచ్చివ్వు. న్యాయం కూడా ఒంటబడుతుంది."

వరసంతా నవ్వింది. మర్నాడు కొత్త కడవ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆమె తండ్రి సోసిమెనెస్ డాళ్లు చేస్తాడు. అన్న ఫనియాస్ ఆయనకి సాయం. మెలిత్తని చూడ్డానికి వంకగా ఫనియాస్‌తో కలిపిన స్నేహం నిజం స్నేహమే అయి కూర్చుంది.

ఫనియాస్ ఏ గురువు దగ్గరా చదవలేదు. నా పాఠాలు విని నవ్వేవాడు. "నన్నడిగితే చెప్పలేన్రా లిసానియాస్. అవసరమొస్తే చేసేస్తానంతే," అనేవాడు.

యుద్ధానికి పిలుపొచ్చింది. సోసిమెనెస్ మా ఇద్దరికీ చెరో డాలు చేసి, రెంటి మీదా ఒకేలాంటి ఎర్ర కోడిపుంజు వేశాడు. "తిరిగి రండి. అప్పుడు మెలిత్త సంగతి మాట్లాడుకుందాం," అన్నాడు నాతో. తలుపు చాటున ఆమె నవ్వు వినిపించింది.

మేం ఓడిపోయాం. వరస చెదరగానే నేను డాలు పారేసి పరిగెత్తాను. ఎవరో తోశారని, బరువైందని చాలా కారణాలు వెతుక్కున్నాను. భయపడ్డాను, అంతే. వాగు దగ్గర ఫనియాస్ కనిపించాడు. తొడలో ఈటె దిగి ఉంది.

"నీ డాలేదిరా?"

నా ఖాళీ చేతులు చూసి, తన డాలు నా వైపు తోశాడు.

"ఇది పట్టుకుపో. ఉత్త చేతుల్తో ఇంటికెళితే నిన్ను బతకనివ్వరు. నాకెందుకింక?"

తీసుకుని పరిగెత్తాను. వాడింక తిరిగి రాలేదు.

దారి పక్కన పడి ఉన్న కోడిపుంజు డాలుని మా దళంలో చాలామంది చూశారు. అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి నా చేతికే ఉంది కాబట్టి, పారేసింది ఫనియాస్ అని ఊరు తేల్చేసింది. యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు రాతి మీద చెక్కారు. వాడి పేరు వదిలేశారు. పిరికివాడి తండ్రి చేసిన డాలు ఎవడికీ అక్కర్లేకపోయింది. సోసిమెనెస్ కొట్టు మూసేశాడు.

"నువ్వు పక్కనే ఉన్నావుగా. అన్న నిజంగా పారేశాడా?" అని మెలిత్త అడిగింది.

"నేను చూడలేదు."

అయిదు నెలలు ఆ మాట మీదే ఉన్నాను. రోజూ వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. ఒకనాడు ముసలాయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వైనా నా డాలు పరువు నిలబెట్టావు నాయనా. పెళ్లి ఈ చలికాలంలోనే పెట్టుకుందాం," అన్నాడు. చెయ్యి విడిపించుకుని లేచాను.

తిన్నగా గురువుగారి దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"చచ్చినవాడికి పేరెందుకు? నీకింకా బోలెడు బతుకుంది. ఎవరడిగినా తడబడకుండా ఎలా జవాబు చెప్పాలో నేర్పుతాను, కూర్చో."

"మీరు నాకు ధైర్యం నేర్పారు కదండీ."

"ధైర్యమంటే ఏమిటో నేర్పాను."

నేను కూర్చోలేదు.

మర్నాడు పొద్దున పేట సభలో లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కొందరు నా మీద ఉమ్మారు. ఇక నాకు సభలో మాట లేదు, గుడిలో అడుగు పెట్టే హక్కు లేదు. ఫనియాస్ పేరు చెక్కమన్నారు.

వాడి డాలు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. కబురు నాకన్నా ముందే చేరింది. మెలిత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"నిన్ను ప్రేమించాను. ఆ ప్రేమ ఇవాళ్టికీ చావలేదు, అందుకే ఒళ్లు మండుతోంది," అంది. "భయపడి పరిగెత్తావు, సరే. అయిదు నెలలు మా నాన్న ఏడుస్తుంటే పక్కన కూర్చుని మా రొట్టె తిన్నావు. అదెవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు."

సోసిమెనెస్ గోడ పట్టుకుంటూ బయటికొచ్చాడు. నా చేతిలోంచి డాలు లాక్కుంటే కొడతాడనుకున్నాను. దాన్ని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూలబడ్డాడు.

"పెళ్లి మాట ఎత్తకు. మావాడు చివర్లో ఏమన్నాడో చెప్పు. చూసినవాడివి నువ్వొక్కడివే."

చెప్పాను. "మళ్లీ చెప్పు," అన్నాడు. మెలిత్త తండ్రి పక్కన కూర్చుని, నా వైపు చూడకుండా వింది. వెళ్లేటప్పుడు ఆయన రేపు కూడా రమ్మన్నాడు.

ఆరేళ్లయింది. ఇప్పటికీ రోజూ వెళ్లి చెబుతున్నాను. మెలిత్త ఎవర్నీ పెళ్లి చేసుకోలేదు, నన్ను కూడా.