బాతుల మాటులో మధ్యాహ్నం

మా ఆయన జయరాజు గారు కొల్లేటి ఒడ్డున పుట్టిన మనిషి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చి పద్దెనిమిదేళ్ళయినా, రోజంతా ఆఫీస్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నా, చలికాలం వచ్చేసరికి కారు నడుపుతూ ఆకాశం వైపే చూస్తుంటారు. మూడేళ్ళు ఎదురుచూసి, కిందటేడు సూసూన్ మార్ష్‌లో చిత్తడినేలల్లో బాతులు వేటాడే ఒక డక్ క్లబ్ మెంబర్‌షిప్ సంపాదించారు. ఆ రోజు ఇంట్లో కృతజ్ఞత కూడిక ఒక్కటే తక్కువ, మిగతా హడావిడంతా చేశారు.

మెంబర్ అంటే ఊరికే తుపాకీ పట్టుకుని వెళ్ళడం కాదని తర్వాత తెలిసింది. వేట సీజన్ మొదలయ్యేలోపు ఎవరి బ్లైండ్ వాళ్ళే బాగుచేసుకోవాలి. బ్లైండ్ అంటే బాతులకు కనపడకుండా వేటగాళ్ళు మాటు వేసే చోటు. మాకిచ్చినది బురదలో అంచు దాకా పాతేసిన ఇనుప తొట్టి. ఐదడుగుల లోతు, లోపల ముగ్గురు కూర్చునే బల్ల, దిగడానికి నిచ్చెన, పైన రెండు రెక్కల మూత. మూత మీద జమ్ము కప్పితే పైనుంచి చూసే బాతుకి అదొక గడ్డిదుబ్బు. సాయం రమ్మంటే చర్చిలో మగవాళ్ళందరికీ ఆ శనివారమే ఎక్కడలేని పనులూ వచ్చిపడ్డాయి. దాంతో నేను దొరికిపోయాను.

నా ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది. పన్నెండేళ్ళ మా జెనిఫర్ ఒక్కతే ఉంది. అంతసేపు దాన్ని ఒంటరిగా వదలడం అదే మొదటిసారి. "ఐదింటికల్లా వచ్చేస్తాం జెన్నీ, ఎవరొచ్చినా డోర్ తీయకు," అని కారు ఎక్కేదాకా చెబుతూనే ఉన్నాను. అది కళ్ళు తిప్పుకుని లోపలికి పోయింది.

గేటు దగ్గర క్లబ్ మేనేజర్, డెబ్బై ఏళ్ళ ముసలాయన, తాళంచెవి ఇచ్చారు. ఆ బ్లైండ్ నాలుగేళ్ళుగా ఎవరూ వాడలేదట. పని అవగానే తొట్టిని మళ్ళీ నీళ్ళతో నింపేయమని రెండుసార్లు చెప్పారు.

"ఖాళీగా వదిలితే వరద నీటికి పైకి తేలిపోతుంది, అందుకు," అని మా ఆయన నాకు ఫిజిక్స్ చెప్పారు. ముసలాయన గేటు తీస్తూ మూడోసారి కూడా అదే చెప్పారు.

చెక్కబాట మీద అరమైలు నడిచాం. ఆగస్టు ఎండ, తలకంటే ఎత్తుగా జమ్ము, చెవుల దగ్గర దోమలు. పంపు పెట్టి నీళ్ళు తోడేసరికి పన్నెండయింది. నల్లటి నీళ్ళు. కుళ్ళిన ఆకు వాసన, తుప్పు వాసన, వాటి కింద ఇంకేదో తియ్యటి వాసన.

అడుగు తుడిచి, అతుకులకి తారు పూయాలి. బురద బూట్లతో దిగితే తుడిచిందంతా పాడవుతుందని మా ఆయన, బూట్లతో లోపలికి వెళ్ళడం నాకసలు ఇష్టం లేదని నేను, ఇద్దరం బూట్లు పైన చెక్క మీద విప్పి వట్టి కాళ్ళతో దిగాం. ఎంత ఇనుప తొట్టి అయినా, గుమ్మం దగ్గర విప్పేయడం మనకి అలవాటే కదా.

ఒంటిగంటకి తారు పని అయింది. మూతకి చిల్లులు ఉన్నాయేమో చూడాలన్నారు మా ఆయన. మూత దించేస్తే చిల్లుల్లోంచి వెలుతురు పడుతుందట. రెండు రెక్కలూ దించారు. లోపల చీకటైపోయింది. అక్కడక్కడ సూదిమొనంత వెలుగు. ఆయన నిచ్చెన దగ్గర మెడ వంచి నిలబడి సుద్దముక్కతో గుర్తులు పెడుతుంటే, నేను బల్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తీశాను.

అప్పుడు పైన చెక్క కిర్రుమంది. ఎవరో నడిచొస్తున్నారు. నింపాదిగా. మా నెత్తి దగ్గర ఆగారు.

మూతకీ అంచుకీ మధ్య తుపాకీ పెట్టుకునే సన్నటి సందు జమ్ముతో కప్పి ఉంది. లేచి, జమ్ము కాస్త తప్పించి అందులోంచి చూశాను. మనిషి కనపడలేదు. చెక్క మీద బూట్లు కనపడ్డాయి. మా ఆయనవి, నావి, వాటి పక్కన ఇంకో జత. పాత గోధుమరంగు రబ్బరు బూట్లు. వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి.

మేనేజర్ వచ్చారనుకున్నాను. మన పద్ధతి చూసి ఆయన కూడా విప్పారే అని ముచ్చటేసింది. మనిషి పక్కన ఉండగా పిలవకుండా తింటే నాకు ముద్ద దిగదు. "సర్, ప్లీజ్ కమిన్! ఈట్ విత్ అస్!" అని పిలిచాను.

మళ్ళీ బల్ల మీద కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను.

మూత తెరుచుకోలేదు. వెలుతురు పడలేదు. కానీ బల్ల నా పక్కన కిందికి వంగింది.

"కూర్చున్నారా? చెయ్యి కడుక్కోండి, పెడతాను," అన్నాను, మా ఆయనే అనుకుని.

"నేనెక్కడ కూర్చున్నాను విమలా?" మా ఆయన గొంతు నిచ్చెన దగ్గరనుంచి వచ్చింది.

డబ్బా నా చేతిలోంచి జారి కింద పడింది. పక్కన ఊపిరి వినపడుతోంది… నీళ్ళు గొంతులో అడ్డంపడ్డ మనిషి ఊపిరి…

"ఏమండీ," గుసగుసలాడాను. "మూత తీయండి."

ఆయన భుజంతో నెట్టారు. కదల్లేదు. నేను కూడా వెళ్ళి నెట్టాను. ఇద్దరం కలిసి నెట్టాం. ఇందాక ఒంటిచేత్తో దించిన మూత. రెండు ఫోన్లూ చూశాం. ఇనుప గోడల మధ్య సిగ్నల్ ఎక్కడిది? ఫోన్ లైటు వేద్దామంటే ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వద్దు," అన్నారు చాలా మెల్లగా. "చూడొద్దు."

పాదాలకి తడి తగిలింది. ఇప్పుడే తుడిచి, అతుకులు పూసిన తొట్టి… నీళ్ళు ఊరుతున్నాయి. మడమల దాకా వచ్చాయి. మేం కేకలేశాం, గోడలు బాదాం. మా కేకలు మాకే తిరిగొచ్చాయి. రెండయింది. మూడయింది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. చీకట్లో డబ్బా వెతికితే చేతికి తగిలింది. అందులో అన్నమంతా నాని ముద్దయిపోయి, ఆ తియ్యటి వాసన వేస్తోంది. ఎవరో అందులో చెయ్యి పెట్టి కెలికారు.

నాకు చావు భయం కంటే జెన్నీ భయం ఎక్కువైంది. ఐదు దాటితే అది ఫోన్ చేస్తుంది. ఎత్తం. చీకటి పడుతుంది. ఈ దేశంలో దానికి మేం తప్ప ఎవరున్నారు? ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే పక్కనున్నది నా వైపు తిరుగుతుందేమోనని పమిట లేక చొక్కా భుజాన్నే నోట్లో కుక్కుకున్నాను.

"ప్రార్థన చెయ్ విమలా," అన్నారు మా ఆయన.

అప్పుడు తట్టింది నాకు. మా ఇళ్ళలో చుట్టం ఎంతసేపు కూర్చున్నా, ప్రార్థన చేశాకే లేస్తాడు. నేను పిలిచాను, వచ్చాడు. ఇక లేవాలంటే ప్రార్థన కావాలి. ఫోన్‌లో టైము చూశాను, నాలుగు. కళ్ళు మూసుకుని గబగబా మొదలెట్టాను. ప్రయాణానికి ముందు ఎప్పుడూ చేసేదే. వేరే మాటలు ఆ క్షణాన నాకు రాలేదు.

"ప్రభువా, ఇక్కడున్న అందరినీ చేయిపట్టి నడిపించండి తండ్రీ. అందరినీ క్షేమముగా మా ఇంటికి, మా బిడ్డ దగ్గరికి చేర్చండి. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమెన్."

"ఆమెన్," అన్నారు మా ఆయన.

మా ఇద్దరి మధ్య నుంచి, తడిసిన గొంతు ఒకటి తీరిగ్గా అంది.

"ఆమెన్."

బల్ల పైకి లేచింది. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటిగా మూలిగాయి. మా ఆయన నెట్టగానే మూత తేలిగ్గా తెరుచుకుంది. ఎండ మొహాన పడింది. పైన ఎవరూ లేరు. చెక్క మీద మా రెండు జతలే ఉన్నాయి.

తొట్టి నింపలేదు. పంపు అక్కడే వదిలేశాం. బూట్లు చేత్తో పట్టుకుని వట్టికాళ్ళతో కారు దాకా పరిగెత్తాం. మేనేజర్ గేటు దగ్గర లేరు. కారు రోడ్డెక్కాక మా ఆయన స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి, "స్తోత్రం, వెళ్ళిపోయాడు," అన్నారు. నేను పెద్దగా నవ్వాను. ఎందుకో తెలీదు, నవ్వు ఆగలేదు. ఇక మీ బాతులూ వద్దు, మీరూ వద్దు అని తిట్టాను కూడా. ప్రాణం లేచొచ్చింది.

బెనీషియా బ్రిడ్జి ఎక్కుతుండగా కారు స్పీకర్లో ఫోన్ మోగింది. జెన్నీ.

"మమ్మీ, డాడీ ఫ్రెండ్ ఎవరో వచ్చారు."

"ఎవరు? డోర్ ఎందుకు తీశావే?"

"నేను తీయలేదు మమ్మీ. కిందకి వచ్చా, అంకుల్ సోఫాలో ఉన్నారు. ఫుల్ వెట్. కార్పెట్ అంతా వాటర్."

మా ఆయన కారు వేగం పెంచారు. ఏం ప్రార్థన చేశానో ఒక్కో మాటా నాకు గుర్తొచ్చింది.

"ఎప్పుడొచ్చాడు?" అన్నాను.

"ఫోర్‌కి. నేను హాయ్ అన్నా. ఏం మాట్లాడట్లేదు."

మా ఆయన తన ఫోన్ నా ఒళ్ళో పడేసి, "911కి చెయ్," అన్నారు. అంకెలు నొక్కుతూనే కారు స్పీకర్ వైపు వంగాను.

"జెన్నీ, నా మాట విను. మాట్లాడకుండా బయటికి వెళ్ళిపో. పక్కింటి ఆంటీ దగ్గరికి పరిగెత్తు. ఇప్పుడే."

అడుగుల చప్పుడు వినపడింది. తడి కార్పెట్ మీద అడుగులు. తాళం తీసిన చప్పుడు. తర్వాత తలుపు పిడిని లాగుతున్న చప్పుడు, మళ్ళీ మళ్ళీ.

"మమ్మీ…" పాప గొంతు గుసగుసగా మారింది. "లాక్ తీశా. డోర్ రావట్లేదు."

"గట్టిగా లాగు తల్లీ!"

"మమ్మీ… అంకుల్ లేచారు."

కారు తెర మీద, ఇంటికి ఇంకా యాభై రెండు నిమిషాలు అని ఉంది.