నడికట్టు

పుష్కరాలకి ముందు ఏడు. రాజమండ్రి ఆస్పత్రిలో మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నాను. జబ్బేం లేదు నాకు, పొట్ట తప్ప. మా అమ్మాయి లావణ్య పుట్టి ఆరేళ్ళయినా అది జారిపోయి అలాగే ఉంది. తణుకులో మా ఆడపడుచు గారింట పెళ్ళిలో ఒకావిడ అందరి ముందూ "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది. ఒళ్ళు మండిపోయింది. ఆ పూట భోజనం ముట్టలేదు నేను.

సాయంత్రం డాక్టరు గారు వచ్చారు. "ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదండి. సాగిన చర్మం కోసేసి, వదులైన కండరాలు బిగించి కుడతాం. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ ఉండిపోతుంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ఇప్పుడు వద్దు. ఎవరో ఏదో అన్నారనైతే అసలే వద్దు. బాగా ఆలోచించుకుని పొద్దున్న చెప్పండి."

"ఆలోచించడానికేముందండి, కోసెయ్యండి" అన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మా ఆయనకి తెలుసు. టిఫిన్ తేవడానికి కిందికి వెళ్ళారు.

వాన మొదలైంది. కరెంటు పోయింది. రోడ్డు మీద రిక్షా బెల్లులు కాసేపు వినిపించి ఆగిపోయాయి. గదిలో ఫినాయిలు వాసన పోయి, సాంబ్రాణి పొగ, నలిపిన వాము వాసన వచ్చాయి. బాలింత గది వాసన. ఆ ఆస్పత్రిలో పురుళ్ళు పొయ్యరు.

మా వైపు పురుడయ్యాక పొట్ట జారకుండా పాత చీరతో నడికట్టు కడతారు. కట్టాల్సింది కన్నతల్లి. మా అమ్మ అప్పాయమ్మేమో నాకు నెలలు నిండుతుండగా పోయింది. చచ్చినవాళ్ళ బట్ట బాలింతకి తగలకూడదే అని మా అత్తగారు మొత్తుకున్నారు. విన్నానా? అమ్మ కట్టినట్టుంటుందని, ఏడ్చి మరీ అమ్మ చీరే చుట్టించుకున్నాను.

చీకట్లో... నడుముకి తడిగుడ్డ తగిలింది.

ఒక చుట్టు... ఇంకో చుట్టు... ముడి బిగిసింది. ఊపిరందలేదు. చేత్తో తడిమాను. గుడ్డ లేదు. నా చర్మమే. ముడి లోపలుంది.

"ఏంటే తులసీ..." చెవి దగ్గర గుసగుస. "కోయించేసుకుంటావా..."

అమ్మ గొంతు.

"నువ్వే కదే నన్ను చుట్టబెట్టుకున్నావు... ఇప్పుడు నేనెక్కడికి పోనే..."

ముడి ఇంకా బిగిసింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ప్రాణం పోతోందనుకున్నాను. భయంతో నోటికొచ్చింది అనేశాను.

"ఎక్కడికైనా పోవే అమ్మా... నన్నొదిలెయ్..."

"సరేలే" అంది. ఎంత నెమ్మదిగా అందో.

కరెంటు వచ్చింది. మా ఆయన ఇడ్లీ పొట్లంతో నిలబడి ఉన్నారు. చెయ్యి చాచి పొట్లం అందుకున్నాను.

పొద్దున్న డాక్టరు గారు నొక్కి చూసి, నర్సుని పిలిచి మళ్ళీ చూశారు. "నిన్న నేను చూసింది మిమ్మల్నేనాండి? ఇందులో కోయడానికేం లేదు" అన్నారు. వంగి చూసుకున్నాను. పెళ్ళినాటి పొట్ట. రామచంద్రపురం బస్సులో మా ఆయన నాకేసి చూసి నవ్వుతూనే ఉన్నారు. నాకూ నవ్వొచ్చింది, ఎందుకు దాచాలి.

ఇంటికొచ్చేసరికి లావణ్య ఎదురు రాలేదు. అరుగు మీద గోడకి చేరగిలబడి కూర్చుంది.

"రాత్రి వాన పడ్డప్పట్నించీ పిల్ల అన్నం ముట్టలేదమ్మా, కడుపుబ్బరంలా ఉంది" అన్నారు అత్తగారు.

గౌను ఎత్తాను. చిన్నపిల్ల పొట్ట... జారిపోయి, ఒళ్ళోకి వాలి ఉంది.

చెయ్యి వేశాను. చర్మం కింద ఏదో కదిలింది. మెల్లగా నా అరచేతి కిందికి వచ్చి, నా వేళ్ళు వెతుక్కుని పట్టుకుంది.

ఇంకా వదల్లేదు.