ఆరు గంటల నీటిమట్టం

"ఆయన డ్యూటీలో చనిపోలేదని రిజిస్టరు చెబుతోందమ్మా!"

విచారణకు వచ్చిన అధికారి, ఎదురుగా కూర్చున్న అత్తాకోడళ్ళతో అన్నాడు. వంతెన దగ్గర గంటగంటకూ నీటిమట్టం కొలిచే ఉద్యోగం కోడలి భర్తది. రెండు నెలల క్రితం వరద ఆయన్ని లాక్కుపోయింది. డ్యూటీలో పోయినవాళ్ళ కుటుంబానికైతే ప్రభుత్వం ఉద్యోగమిస్తుంది, పాపను చదివిస్తుంది. లేదంటే... దేవుడా, లేదంటే ఏముంది!

"ఐదింటికే వెళ్ళిపోయినట్టు సంతకం ఉంది. వరద లాక్కుపోయింది ఆరు దాటాక. అప్పుడు ఏటి దగ్గర ఆయనకేం పని?"

కోడలికి కూర్చోబుద్ధి కాలేదు. మంచినీళ్ళు తెస్తానని లేచి, వట్టి చేతులతో తిరిగొచ్చింది. మడిచిన తువ్వాలునే మళ్ళీ మడిచింది. ఈ రెండు నెలలూ ఆమెకు కాలు నిలిస్తే ఒట్టు! రోజూ ఏడయ్యేసరికి, ఆయన వచ్చే వేళని గుమ్మంలోకి పరుగు. ఆ సంతకం గుట్టు ఆమెకొక్కదానికే తెలుసు. చెబితే, అత్తగారు నిప్పులాంటివాడని చెప్పుకునే కొడుకు దొంగసంతకాల మనిషవుతాడు. చెప్పకపోతే పాప నోట్లో మట్టి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి!

"తప్పు నాదండీ!" అని భోరుమంది. "పని అయ్యాక సంతకం కోసం మళ్ళీ ఆఫీసుకెళ్ళి, ఇంటికొచ్చేసరికి రాత్రయ్యేది. పొద్దున్నే పెట్టేసి తిన్నగా ఇంటికి రాకూడదా అని నేనే పోరాను! అప్పట్నుంచీ సాయంత్రం ఐదింటి సంతకం పొద్దున్నే పెట్టేసేవారు. ఆ రోజు వరద చూసి ఉండిపోయి ఉంటారు... నేనే అత్తయ్యా... నా నోరు పడిపోనూ!"

అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇక ఈ జన్మకి నా మొహం చూడదు, అనుకుంది కోడలు. కానీ ఆవిడ తిరిగొచ్చింది, చేతిలో పాత చీరముక్కలో చుట్టిన నోటుబుక్కుతో.

"వంతెన మీద గదిలో దొరికిందని వాడి తోటి ఉద్యోగి తెచ్చిచ్చాడు. వాడి ఆఖరి రాత... మీరు పట్టుకుపోతారని తలగడ కింద దాచుకున్నాను."

అధికారి పేజీలు తిప్పాడు. వరద రోజు పేజీలో నాలుగు, ఐదు, ఆరు గంటలు, పక్కనే నీటిమట్టం అంకెలు. కింద ఏడు అని రాసి ఉంది, దాని ఎదురుగా ఖాళీ. ఆయన కనుబొమలు ముడిచాడు. "ఏడు కూడా రాసేశారే! అన్నీ ముందే రాసుకునే మనిషంటున్నారు. మరి ఈ ఆరింటిది మాత్రం ఆరింటికే రాశారని ఏమిటి నమ్మకం?"

"గంటలు ముందే రాసుకోవచ్చు నాయనా! నీళ్ళెంత ఎక్కుతాయో ముందే రాయగల మొనగాడు ఎవడయ్యా?" అంది అత్తగారు.

అధికారి ఫైలులోంచి, వంతెన స్తంభానికి ఉన్న యంత్రం నేరుగా ఆఫీసుకు పంపిన నీటిమట్టం లెక్క తీసి పక్కన పెట్టుకున్నాడు. ఆరు గంటలకు అదే అంకె! ఆయన పెన్ను తీశాడు.

"డ్యూటీలోనే ఉన్నారమ్మా. అలాగే రాస్తాను. కానీ ఈ పుస్తకం ఫైలులో ఉండాలి... తీసుకెళ్ళాలి."

"వద్దత్తయ్యా!" అని కోడలు అడ్డం వెళ్ళింది. "మీకు మిగిలింది అదొక్కటే!"

అత్తగారు ఆ ఖాళీ గడిని ఒకసారి వేలితో తడిమి, పుస్తకాన్ని అధికారి చేతిలో పెట్టేసింది. "పిచ్చిపిల్లా! నాకు నువ్వున్నావు, పాప ఉంది. నువ్వు నేర్పావనుకుంటున్నావా వాడికది? బళ్ళో చదివేటప్పుడే, కొత్త పుస్తకం కొనడం ఆలస్యం, పేజీలన్నిటికీ తేదీలు వేసేసేవాడు! నేను తన్నినా మానలేదు. ఇక నువ్వెంత, నీ పోరెంత!"

ఆ సాయంత్రం గడియారం ఏడు కొట్టింది. కోడలు గుమ్మంలోకి వెళ్ళలేదు. అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని, రెండు నెలల ఏడుపూ ఏడ్చింది.