మూడో పిలుపు

రేవులగూడలో పాత వంతెన పేరెత్తితే టీ తాగేవాళ్లు కూడా గ్లాసు కింద పెడతారు.

శంషాబాద్ దాటాక ఈసీ వాగు ఒడ్డున ఉన్న చిన్న ఊరది. అక్కడి దెయ్యం తీరే వేరు. మామూలు దెయ్యాలు మనల్ని పిలుస్తాయి. ఇది పలుకుతుంది. ఎవరూ పిలవరు... చీకట్లో వంతెన వైపు నుంచి ఒక ఆడగొంతు — "ఆఁ... వస్తున్న బిడ్డా" — అంటుంది. అంతే. చూసినవాడు లేడు, విననివాడు లేడు.

రాఘవేందర్‌కు ఈ సంగతి చెప్పింది టీకొట్టు ముత్తయ్య. రాఘవేందర్ ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు. ఆ శనివారం దోస్తులు వాగు అవతల గుడారాలు వేసి, రానంటున్నా వాణ్ని లాక్కొచ్చారు.

నెల కింద వాళ్లమ్మ పోయింది. ఆ రాత్రి దవాఖాన నుంచి కొడుక్కి రెండుసార్లు ఫోన్ చేసింది. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టాలి కదా... తెల్లారి తీసి చూసుకునేసరికి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి, తల్లి లేదు. అప్పటి నుంచి వాడి నోట "అమ్మా" అన్న మాటే రాలేదు. కాలికి రాయి తగిలినా పళ్లు బిగబట్టుకునేవాడు.

గుడారాల దగ్గర పాటలూ నవ్వులూ భరించలేక, ఊరు చూసొస్తానని పొద్దుగూకే వేళ ఒక్కడే నడిచాడు. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి ఊళ్లోకొచ్చాడు. మూతపడ్డ రైస్‌మిల్లు, వాగులోకి దిగే మెట్లు, మెట్ల మీద ఎవరో మరిచిపోయిన చీర... సందు సందూ తిరిగి టీకొట్టు చేరేసరికి చీకటి పడింది.

"వాపస్ పోయేటప్పుడు వంతెన మీదికెళ్లి పోకు అన్నా. దూరమైనా వచ్చిన తొవ్వనే పో," అన్నాడు ముత్తయ్య.

"పోతే ఏమైతది?"

"ఏమైతదో పోయినోడు చెప్పాలె. మొన్నటి పెద్దవరదకు ఒక పిలగాడు గాడనే కొట్టుకపోయిండు."

రాఘవేందర్ వంతెన దారే పట్టాడు. ఉన్న ఒక్క తల్లీ పోయాక దెయ్యం మాత్రం కొత్తగా ఏం పట్టుకుపోతుంది?

వంతెన రెయిలింగు ఎప్పుడో వాగు పాలైంది. కింద నీళ్లు నల్లగా కదులుతున్నాయి. రెండడుగులు వేశాడో లేదో... అరుస్తున్న కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఆఁ... వస్తున్న బిడ్డా..."

ముందుకు పోలేడు, వెనక్కి పోలేడు. సెల్ లైటు వేశాడు. వంతెన పక్కన, నీళ్లకు దిగే మెట్టు మీద — తెల్లని జుట్టు... మోకాళ్ల చుట్టూ బిగించిన రెండు చేతులు...

"లైటు బంద్ చెయ్యి కొడుకా. కండ్లల్ల కొడుతున్నది."

దెయ్యాలకు కళ్లు మండవు. పైగా పక్కన రబ్బరు చెప్పులు విడిచి ఉన్నాయి. రాఘవేందర్ లైటు ఆర్పాడు.

"ఎవలకు పలుకుతున్నవ్ అవ్వా?"

"నా కొడుకు మహేష్‌కు."

ఆమె పేరు చంద్రమ్మ. ఊరి వైపు ఒడ్డున, వంతెన దిగగానే మొదటి ఇల్లు ఆమెదే. వరదలో పోయిన పిలగాడు ఆమె కొడుకు.

రాత్రిపూట బయట నుంచి పిలుపు వినిపిస్తే మూడోసారి దాకా పలకొద్దని ఆ పల్లెల్లో ఉగ్గుపాలతో నేర్పుతారు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు. రాఘవేందర్‌కు వాళ్లమ్మ నేర్పిందీ ఇదే.

"వరదొచ్చిన రాత్రి వాన దంచుతున్నది," అంది చంద్రమ్మ మెల్లగా. "వంతెన దిక్కుకెళ్లి అమ్మా అన్నడు. తలుపు మీద చెయ్యేసిన... మల్ల అన్నడు. గొంతు నా కొడుకుదే. మూడోది ఇన్నంక తీద్దామని నిలవడ్డ. గప్పుడే నెత్తి మీదికెళ్లి విమానం పోయింది. గా మోతల ఏం ఇనవడలే. పిలిచిండో... పిలువలేదో..."

రాఘవేందర్ మెట్లు దిగి ఆమె దగ్గరికొచ్చాడు.

"అందుకే రోజు పలుకుత బిడ్డా. మూడోసారి పిలిస్తే ఇగ ఆలిశెం కావద్దు."

ఆమెకు బిడ్డ పిలుపు మిగిలింది, తనకు తల్లి పిలుపు. పలకనివాళ్లు ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. వంగి ఆమె కాళ్లు ముట్టుకుని, మెట్లెక్కి వంతెన దాటాడు.

అవతలి ఒడ్డుకు చేరాక అడుగు పడలేదు. తల మీద ఒక విమానం దిగుతోంది... మోత వాగంతా నిండింది. అది పూర్తిగా అణిగేదాకా నిలబడ్డాడు. నెల రోజులుగా గొంతులో అడ్డం పడ్డ మాట అప్పుడు తన్నుకుని బయటికొచ్చింది.

"అమ్మా..."

ఊరి ఒడ్డున నిశ్శబ్దం. కప్పలు కూడా అరవలేదు.

ఆ తర్వాత రబ్బరు చెప్పుల చప్పుడు — తడబడుతూ, పరుగెత్తుతూ, వంతెన మీదుగా ఇటే...

"వచ్చిన బిడ్డా... ఇగో, వచ్చిన..."

అప్పటి నుంచి శనివారం డ్యూటీ దిగగానే రాఘవేందర్ ఆ అవతలి ఒడ్డుకే వస్తున్నాడు. ముత్తయ్య ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకు కథ కొంచెం మార్చి చెబుతున్నాడు. గొంతు తగ్గించి, వంతెన వైపు చూడకుండా అంటాడు:

"ఒకటి కాదన్నా, రెండున్నయి. శనివారమొస్తే ఒకటి పిలుస్తది... ఇంకోటి పలుకుతది."