ఎంగిలి మెమరీ

బెళ్ళందూరు ఆఫీసులో గ్రాఫిక్స్ ల్యాబు బేస్‌మెంటులో ఉంటుంది. దానికి కిటికీలు లేవు. బయట ఎండ కాస్తోందో, వాన పడుతోందో లోపలివాళ్ళకు తెలియదు. ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం వాన పడుతోందని తెలిసిపోయింది. ఏసీ గొట్టాల్లోంచి బెళ్ళందూరు చెరువు కంపు దిగింది. సబ్బు నురగ, మురుగు కలిసిన కంపు. రాజగోపాల్ ముక్కు చిట్లించాడు. నిజానికి ముక్కు చిట్లించడానికి అతనికి కంపే అక్కర్లేదు. ఎదుట మనిషి ఉంటే చాలు.

టీములో తన తర్వాత చేరినవాళ్ళంతా ఇంటర్నెట్‌లో చూసి కాపీ కొట్టేవాళ్ళనీ, తనకన్నా ముందు చేరినవాళ్ళు కాపీ కొట్టడం కూడా రానివాళ్ళనీ అతని అభిప్రాయం. ఈ శనివారం ఆఫీసుకు రావలసి రావడం ఆ రెండో రకం మనిషి వల్లే. ఆ మనిషి పేరు శామ్యూల్. చచ్చిపోయి ఆరు నెలలైంది.

శామ్యూల్ రాసిన డ్రైవర్, అంటే గ్రాఫిక్స్ కార్డుని నడిపించే ప్రోగ్రాం, ఆస్పత్రుల్లో స్కానింగు బొమ్మలు చూసే స్క్రీన్లలో నడుస్తోంది. తెర మీద ఏ బొమ్మ కనిపించాలన్నా ముందు గ్రాఫిక్స్ కార్డు మెమరీలో గీయాలి. ఒక ప్రోగ్రాం మూసేశాక, అది వాడుకున్న మెమరీని డ్రైవర్ తుడిచేసి, అది మార్చిన సెట్టింగులన్నీ మళ్ళీ మొదటికి తెచ్చి, అప్పుడు ఇంకో ప్రోగ్రాంకి ఇవ్వాలి. తుడవకుండా ఇస్తే పాత బొమ్మ కొత్తదాంట్లో ఓ క్షణం మెరిసి పోతుంది. రాజగోపాల్ మాటల్లో చెప్పాలంటే, ఒకడు తిని లేచిన విస్తట్లోనే ఇంకొకడికి వడ్డించడం.

స్క్రీన్లు తయారుచేసే కంపెనీవాళ్ళ ఫిర్యాదు అదే. ఒక రోగి స్కాన్ మూసి ఇంకొకరిది తెరిచే సందులో, తెర మీద మనిషి ముఖం కనిపిస్తోందట. రాత్రి డ్యూటీ డాక్టరమ్మ ఒకావిడ ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టనందట.

"పెద్ద చదువులు చదివి దెయ్యాలకి జడుసుకుంటున్నారు," అన్నాడు రాజగోపాల్. "ఎవడో వీడియో కాల్ మాట్లాడి మూసేసుంటాడు. దాని తాలూకు చెత్త అది."

పక్క బల్ల దగ్గర కూర్చున్న గీతాంజలి తల ఎత్తింది. ఆ అమ్మాయిది గుంటూరు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదంతా శామ్యూల్ దగ్గరే పని నేర్చుకుంది. నెమ్మదిగా అంది.

"నేను ఇక్కడ కూడా చూశానండీ. మన టెస్ట్ మెషీన్‌లో. పొద్దున."

"అయితే?"

"ఆ మెషీన్‌కి కెమెరా లేదు. నెట్‌వర్క్ కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. వీడియో కాల్ ఎక్కణ్ణించి వస్తుంది?"

 తనకు తెలియని సంగతిని ఆ అమ్మాయి నోట వినడం రాజగోపాల్‌కి గిట్టదు. లేచి వెళ్ళి, ల్యాబు చివరన ఉన్న ఆ మెషీన్‌ని తానే మోసుకొచ్చి తన బల్ల మీద పెట్టాడు. అది శామ్యూల్ వాడిన మెషీన్. ఒక శుక్రవారం సాయంత్రం దాని ముందే కూర్చుని గుండె ఆగి పోయాడు. మనిషి కదిలితేనే వెలిగే దీపాలు ఆ ల్యాబులో, ఒక్కో బల్లకి పైన ఒక్కోటి. మనిషి కదల్లేదు, దీపాలు ఆరిపోయాయి. సోమవారం పొద్దున ఊడ్చడానికి వచ్చిన శాంతమ్మ తలుపు తీసేదాకా ఆయన చీకట్లో అలాగే కూర్చుని ఉన్నాడు. తెర మాత్రం వెలుగుతూనే ఉందట.

"చావడంలో కూడా ఆలస్యంగా రిపోర్ట్ చేశాడు," అని అప్పట్లో క్యాంటీన్‌లో అన్నాడు రాజగోపాల్. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

ఒక ప్రోగ్రాం మూసి ఇంకొకటి తెరిచే సరిగ్గా ఆ సందులో మెషీన్ ఆగిపోయేలా అతను ఏర్పాటు చేశాడు. ఎంటర్ నొక్కాడు. తెర ఓసారి నల్లబడి ఆగింది.

ముఖం.

నీలం వెలుగు పడుతున్న ముఖం. తెర ముందు కూర్చున్నవాణ్ణి తెరే చూస్తే ఎలా కనిపిస్తాడో, అలా ఉంది. నెరిసిన మీసం, కిందికి వాలిన కళ్ళు, వెనకాల ల్యాబు బీరువాలు. కొద్దిగా తెరుచుకున్న నోరు.

"శామ్యూల్ అన్న," అంది గీతాంజలి గుసగుసగా.

రాజగోపాల్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. మళ్ళీ నడిపాడు. మళ్ళీ అదే ముఖం. ఈసారి పెదవులు మూసుకుని ఉన్నాయి. మళ్ళీ నడిపాడు. పెదవులు గుండ్రంగా.

"ఏదో చెప్తున్నాడండీ," అంది ఆ అమ్మాయి. "ఒక్కోసారికి ఒక్కో ముక్క. అన్నీ వరసగా సేవ్ చేస్తే తెలుస్తుంది."

"తెలిసి?"

"పోయేముందు ఏమన్నాడో అని వాళ్ళావిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. దగ్గర ఎవరూ లేరు కదా. పైనించి హార్డ్‌డిస్క్ తెస్తాను. అంతవరకూ తుడవకండి, ప్లీజ్."

"నా పని ఎంగిలి ఎత్తడం. చచ్చినవాళ్ళ కబుర్లు మోయడం కాదు."

"పది నిమిషాలండీ," అని ఆ అమ్మాయి పరుగున వెళ్ళింది. తలుపు మూసుకుంది.

రాజగోపాల్ నవ్వుకున్నాడు. ఎవరో ఆడుతున్న ఆట ఇది. బహుశా ఈ పిల్లే. ఏదో పాత ఫోటో తెచ్చి, పెదవులు మార్చి, లోపల ఎక్కించి ఉంటుంది. ఇంత తెలివి పనిలో చూపించి ఉంటే బాగుండేది. అతను డ్రైవర్ కోడ్ తెరిచాడు. తుడిచే లైన్లు రాశాడు. అతనికి అది ఎడమచేతి పని. ఎంటర్ నొక్కాడు.

ముఖం పోలేదు.

దగ్గరికి వచ్చింది. ఇందాక వెనకాల కనిపించిన బీరువాలు ఇప్పుడు కనిపించడం లేదు. తెర నిండా ముఖమే. ఇందాక వాలి ఉన్న కళ్ళు ఇప్పుడు వాలి లేవు. తిన్నగా రాజగోపాల్‌నే చూస్తున్నాయి.

అతను కదలకుండా కూర్చుండిపోయాడు. కాసేపటికి నెత్తిమీద దీపం ఆరిపోయింది. అది మామూలే. చెయ్యి ఎత్తి ఊపితే వెలుగుతుంది. చెయ్యి ఎత్తబోయాడు.

అప్పుడే ల్యాబు చివర దీపం వెలిగింది.

శామ్యూల్ బల్ల మీది దీపం. బల్ల ఖాళీగా ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడ కదిలినది ఏదీ లేదు. రాజగోపాల్ అటే చూస్తున్నాడు. ఎలుకై ఉంటుంది... ఈ బిల్డింగు కట్టినవాళ్ళకి సెన్సర్లు పెట్టడం కూడా రాదు.

దాని ఇవతలి దీపం వెలిగింది. అవతలిది ఆరింది.

ఇంకా ఇవతలిది...

చెరువు కంపు పోయింది. దాని బదులు వేడెక్కిన దుమ్ము వాసన. దాని కింద ఇంకేదో తీయటి వాసన... మూసిన గదిలో రెండు రోజులు ఉండిపోయిన వాసన. అడుగుల చప్పుడు లేదు. దీపాలే నడిచి వస్తున్నాయి.

రాజగోపాల్ తెరవైపు తిరిగాడు. ముఖం పెదవులు ఇప్పుడు ఆగి ఆగి కాదు, ఆపకుండా కదులుతున్నాయి. ఆపిన మెషీన్‌లో... కదలకూడని బొమ్మలో.  మెమరీ అంతా తుడవమని, సెట్టింగులన్నీ మొదటికి తెమ్మని, ఒక్కటీ మిగల్చకుండా వదిలెయ్యమని రాశాడు. పక్క బల్ల మీది దీపం వెలిగింది.

ఎంటర్ నొక్కాడు.

తెర నల్లబడింది. దీపాలన్నీ ఆరాయి. ఆ చీకట్లో, అతని మూతి మీద, ఏదో చల్లగా తగిలింది. తడి వేలితో ఎవరో పెదవుల అంచు వెంట గీసినట్టు. అంతే...

తలుపు తెరుచుకుంది. దీపాలు వెలిగాయి. గీతాంజలి హార్డ్‌డిస్క్ పట్టుకుని నిలబడింది. తెర మీద కొత్త ప్రోగ్రాం శుభ్రంగా తెరుచుకుని ఉంది. ఎన్నిసార్లు మూసి తెరిచినా శుభ్రంగానే ఉంది.

"తుడిచేశారా?"

"తుడిచేశాను. నీ మేష్టారు రెండేళ్ళలో చెయ్యలేని పని పది నిమిషాల్లో చేశాను. వెళ్ళి ఆ మాట కూడా వాళ్ళావిడకి చెప్పు."

ఆ అమ్మాయి కళ్ళు నీళ్ళతో నిండాయి. ఏడుపు చూస్తే రాజగోపాల్‌కి ఒళ్ళు మంట. బ్యాగు తగిలించుకుని బయటపడ్డాడు.

వైట్‌ఫీల్డ్ చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ట్రాఫిక్‌లో ఉన్నంతసేపూ తన మీద తనకే చిరాకేసింది. సెన్సర్ పాడైతే జడుసుకున్నాడు, రోడ్డు పక్క జాతకాలు చూపించుకునే జనంలాగా. ఇల్లు చేరేసరికి ఆ చిరాకు కూడా పోయింది. వంటింట్లోంచి మెంతికూర వాసన వస్తోంది. హాల్లో అత్తగారు అక్కయమ్మ కూర్చుని కాఫీ తాగుతోంది. పొద్దునే ఆనేకల్ నుంచి వచ్చింది. ఆమె వస్తే రాజగోపాల్ తన గది దాటి రాడు. ముప్పై ఏళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేసిందామె. ఆ చప్పుడుకి చెవులు పూర్తిగా పోయాయి. షెడ్డులో ఆడవాళ్ళంతా ఒకరి పెదవులు ఒకరు చూసుకునే మాట్లాడుకునేవాళ్ళట. ఇప్పటికీ ఎవరేమన్నా మూతి చూసే జవాబు చెబుతుంది. ఈ వయసులో వినికిడి మిషన్ పెట్టించుకోవచ్చు కదా, మొండి మనిషి, అనుకుంటాడు అతను.

ఈసారి గదిదాకా వెళ్ళే ఓపిక లేక, బూట్లు విప్పి హాల్లోనే సోఫాలో కూలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు.

భార్య అంబిక వంటింట్లోంచి వచ్చింది. "ఏంటి?" అంది.

"ఏంటి ఏంటి?"

"ఏదో అంటున్నావుగా. వినబడట్లేదు, గట్టిగా చెప్పు."

"నేనేమీ అనలేదు."

"వంటింట్లోంచి చూస్తూనే ఉన్నా, వచ్చినప్పట్నించీ పెదాలు కదుపుతూనే ఉన్నావు. ఇప్పుడు కూడా." అంబిక నవ్వబోయి ఆగిపోయింది. అతని మూతివైపే చూసింది. "రాజూ... ఇంక చాల్లే, ఆపు."

అతను పళ్ళు బిగించాడు. మూతి మీద అరచెయ్యి వేసుకున్నాడు. అరచేతి కింద పెదవులు మెత్తగా, తొందర లేకుండా, కదులుతున్నాయి.

చెయ్యి తీసేశాడు.

ఎదుట కూర్చున్న అక్కయమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి అతని నోటి వంకే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. ముందు వింటున్నదానిలా ఓసారి తలూపింది. కాసేపటికి ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"ఏమంటున్నాడమ్మా?" అంది అంబిక.

 అక్కయమ్మ లేచింది. కూతురి మణికట్టు పట్టుకుంది.

"ఎవరప్పా నువ్వు?" అంది అతన్ని చూసి, చాలా మెల్లగా. "దీన్నెందుకు నీ చీకటి గదిలోకి పంపమని అడుగుతా ఉండావు? దీనికేం తెలుసప్పా?"

అంబికను లాక్కుంటూ తాను దిగిన గదిలోకి పోయింది. లోపల గొళ్ళెం పడింది. తర్వాత మంచం ఈడుస్తున్న చప్పుడు. ఈడ్చి, ఈడ్చి, తలుపుకి ఆనించిన చప్పుడు.