మంజీరలో పోటు

సూర్యారావు చెడ్డవాడు కాదు. ముందే చెబుతున్నాను, తర్వాత మీరేమనుకున్నా సరే. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఫిట్టరు. గోదావరి సముద్రంలో కలిసే చోట పుట్టిన మనిషి కదా, చేప లేనిదే ముద్ద దిగదు. ఆదివారం వస్తే షిఫ్టు స్నేహితుడు యాదగిరిని వెంటేసుకుని మంజీర రిజర్వాయరుకు పోయేవాడు. చిన్న పడవ కిరాయికి తీసుకుని, గాలం తాడు వెనక వదిలి, మెల్లగా తెడ్డు వేసుకుంటూ తిరగడమే పని. కదిలే ఎర కనిపిస్తే వాలుగ చేప ఊరుకోదు.

ఆ రోజు ఇస్నాపూర్‌లో బయల్దేరుతుంటే యాదగిరి భార్య సుమిత్ర గడప దాటి వచ్చింది. "అన్నా, ఆయనకు ఈత రాదు. జెర పైలం."

"పూచీ నాదమ్మా."

పన్నెండేళ్ల కిందట తల్లికీ ఇదే మాట ఇచ్చాడు. ఆ సాయంత్రమే తమ్ముడు కామేశ్వరరావు గోదావరిలో పడ్డాడు. ఆటు సముద్రంలోకి లాగేస్తోంది. తమ్ముడి చేతిలో గాలం తాడు, దాని రెండో కొస పడవకు. పడవ ఒరిగిపోతుంటే ప్రాణభయంతో సూర్యారావు తాడు కోసేశాడు. పసుపు తీగ చుట్టిన ఆ చాకును అక్కడే నీళ్లలో విసిరేసి, తాడు తెగిపోయిందని ఇంట్లో చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ పడవలో చాకు పెట్టుకోలేదు.

పొద్దు గూకింది. గాలి ఆగిపోయింది. బురద వాసన పోయి ఎండుచేపల వాసన మొదలైంది. తెడ్డు ఆపినా పడవ కదులుతోంది... ఎగువకు.

యాదగిరి దోసిట్లో నీళ్లు తీసుకుని పుక్కిలించి ఉమ్మేశాడు. "సూర్యన్నా, గిదేంది? నీళ్లు ఉప్పగున్నయ్."

సూర్యారావు వేలు ముంచి నాలుకకు తగిలించుకున్నాడు. ఉప్పే. సముద్రమెక్కడ, సంగారెడ్డి ఎక్కడ! మంజీరకు పోటు రావడమేమిటి?

తాడు బిగిసింది. యాదగిరి సంబరంగా వంగి పట్టుకున్నాడు. ఒక్క గుంజు... పడవలో మనిషి లేడు.

"తాడు వదలకురా!" సూర్యారావు ఇటు కొసను మణికట్టుకు చుట్టుకుని లాగాడు. పడవ ఒరిగింది. అరచేతులు చీరుకుపోయాయి. "ఈసారి వదలను... తమ్ముడూ, తాడు తెగలేదురా... నేనే కోశాను... వీణ్ణి ఇచ్చెయ్..." వెక్కివెక్కి ఏడ్చాడు.

తాడు వదులైంది. చల్లటి చెయ్యి ఒకటి పడవ అంచు పట్టుకుంది. రెక్క పట్టి లోపలికి లాగేశాడు.

బాగా చీకటి పడింది. మనిషి ముందు కొసన అటు తిరిగి కూర్చున్నాడు. సూర్యారావు ఆనందం పట్టలేక తెడ్డు వేస్తూనే వాగుతున్నాడు. "బతికించావురా! సుమిత్రకు ఏం మొహం చూపించేవాణ్ణి?"



అప్పుడు వెనక నుంచి, దూరంగా నీళ్లలోంచి...

"సూర్యన్నా... తాడు ఇడువకు..."

మణికట్టుకు చుట్టిన తాడు బిగిసింది. పడవ ఒరగడం మొదలైంది.

ముందు కూర్చున్నవాడు తల తిప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు. అరచేతిలో పసుపు తీగ చుట్టిన చాకు.