క్యాంపు అంటే పొలం

సిరవార బస్టాండులో, పట్టపగలు పదకొండు గంటలకు, రాయచూరు బస్సు ఎక్కబోతూ ఏజెంట్ తాయప్ప చచ్చిపోయాడు. మెడ మీద సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. జనం ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టించబోయారు. ఆ మజ్జిగ గొంతు దిగలేదు. చేతిలో ఫోను మాత్రం గట్టిగా పట్టుకునే ఉన్నాడు. చివరి నిమిషంలో ఆఫీసు నంబరుకు అతను పంపింది ఒకే ఒక ఇంగ్లీషు మాట. క్యాంప్.

మధ్యాహ్నం రెండింటికి రాయచూరులో, బయట విత్తనాల కంపెనీ బోర్డు తగిలించిన గూఢచారి ఆఫీసులో, చీఫ్ నారప్ప ఆ మాటను బోర్డు మీద రాసి నిలబడ్డాడు. డిపార్టుమెంటులో చేరకముందు ఆయన పదేళ్లు ఇంగ్లీషు లెక్చరర్. ఆ జబ్బు ఇంకా నయం కాలేదు. మనిషి చచ్చినా మాటకు అర్థం చెప్పందే ఊరుకోడు.

"కూసో మౌనేశ్," అన్నాడు. "తాయప్పకు పెండ్లముంది, ఇద్దరు బిడ్డలున్నరు. ఏడ్చేది తర్వాత ఏడుద్దాం. ముందు పని చూడు."

ఏజెంట్ మౌనేశ్ కూర్చున్నాడు. పిస్టల్ పట్టుకోవడం నేర్పింది తాయప్పే.

"మూడు నెలల సంది ఒక విదేశీ ముఠా మన థర్మల్ స్టేషన్ మీద కన్నేసింది. కంట్రోల్ రూం తాళం కంటిపాపను చూసి తెరుచుకుంటది. ఆరుగురు ఇంజనీర్ల కండ్లకే తెరుచుకుంటది. పోయిన నెల వేరే రాష్ట్రంల ఇట్లాంటి తాళమే ఉన్న ప్లాంటుల, ఒక ఇంజనీరు కండ్ల పరీక్ష చేయించుకున్నడు. వాని కంటిపాపను మెషీన్ల కాపీ చేసుకున్నరు. కాపీ అయినంక మనిషితోని ఏం పని? సూదేసి చంపిన్రు."

"తాయప్పన్న మెడల కూడా సూదే సార్."

"అవును. ఇప్పుడు ఈ మాట. సోల్జరుకు క్యాంపంటే డేరా. కలెక్టరుకు టూరు. ఎమ్మెల్యేకు రిసార్టు. డాక్టరుకు ఉచిత వైద్యం. మన కాలువ దిక్కు ఊరి పేరు. ఇంగ్లీషు మాట చిన్నదైన కొద్దీ కడుపు పెద్దగుంటది."

"ఇందుల వెతికేదేం లేదు సార్. కొత్తగట్టు క్యాంపుల రేపు ఉచిత కండ్ల క్యాంపు. సిరవారల గోడల నిండ కాగితాలే."

"శాబాష్," అన్నాడు నారప్ప. కానీ చాక్‌పీస్ కింద పెట్టలేదు. "అసలు పుట్టుక చెప్తా విను. లాటిన్‌ల క్యాంపస్. అంటే చదునైన నేల, పొలం. ఆ పొలంల రోమన్లు కవాతు చేసిన్రు. కవాతు జాగా యుద్ధభూమి అయింది. యుద్ధభూమి డేరాల గుంపయింది. ఫ్రెంచోళ్ల మీదుగ ఇంగ్లీషుకొచ్చింది. చాంపియన్, క్యాంపెయిన్ దాని బిడ్డలే. మొదటి అర్థం మాత్రం పొలమే."

"మా తాతకు ఎవరన్న ముందే చెప్పుంటే బాగుండు," అన్నాడు మౌనేశ్.

అరవై ఏళ్ల కింద తుంగభద్ర కాలువ వచ్చినప్పుడు కోస్తా నుంచి కుటుంబాలు వచ్చి ఇక్కడి నేలలు కొన్నాయి. డేరాలేసుకున్న చోటల్లా క్యాంపయింది. ఇళ్లు లేచాయి, మిల్లులు లేచాయి, పేరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. కొత్తగట్టు క్యాంపు ఉన్న నేల ఒకప్పుడు మౌనేశ్ తాతది. వాళ్లింట్లో 'క్యాంపోళ్లు' అంటే ఇంచుమించు తిట్టు.

తలుపు తోసుకుని డాక్టర్ చంద్రిక వచ్చింది. ముదురు నీలం చీర, చలువ కళ్లద్దాలు, తడబాటు లేని నడక. ఏడాదిగా ముఠాలో ఉంటూ మనకు కబుర్లందిస్తున్న డబుల్ ఏజెంట్. ఈ ఏడాదిలో మౌనేశ్ ఆమెతో మాట్లాడింది పదిసార్లు. పదిసార్లూ గుర్తున్నాయంటే అతని సంగతి ఇక వేరే చెప్పాలా!

"రేపటి క్యాంపు ఉత్త నాటకం," అంది చంద్రిక. "కాపీ చేసే మెషీన్ అరకేరలో, పత్తి గోడౌన్‌లో ఉంది. మీ టీమంతా అక్కడికి వెళ్లాలి. కొత్తగట్టులో నేనుంటాను. నిన్న ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఊరంతా పరీక్షకు వస్తామన్నారు."

"టీమ్ అరకేరకు," అన్నాడు నారప్ప. "మౌనేశ్, నువ్వు ఒక్కడివే కొత్తగట్టుకు పో. చూస్తుండు, అంతే."

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు మౌనేశ్ ఎరువుల కంపెనీ సేల్స్‌మన్ వేషంలో కొత్తగట్టు క్యాంపులో బస్సు దిగాడు. కళ్లద్దాల కాడలో కెమెరా, చెవిలో శనగగింజంత రిసీవర్. ప్రభుత్వ సరుకు కదా, పనిచేసిన రోజు పనిచేస్తుంది.

స్కూల్లో కళ్ల పరీక్ష. వరండాలో బెంచీల మీద ఎనిమిది మంది మగవాళ్లు, ముగ్గురు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. క్యూ బాగానే ఉంది. కానీ వీధిలో పురుగు లేదు. ఇళ్లకు తాళాలు. ఊరంతా ఎక్కడికి పోయింది?

స్కూలు దాటి నాలుగడుగులు వేస్తే కాలువ. అక్కడున్నారు అందరూ. ఆడా మగా, పారలతో, మోకాళ్ల దాకా బురదలో. ఆ ఉదయమే నీళ్లు వచ్చాయి. పంచె ఎగ్గట్టిన పెద్దాయన ఒకాయన తూము దగ్గర నిలబడి నీటి వంక మురిపెంగా చూస్తున్నాడు. ఆయన చెన్నకేశవరావు, క్యాంపు పెద్ద.

"కళ్ల పరీక్షకి వెళ్లలేదాండీ?" అని పలకరించాడు మౌనేశ్.

"నీళ్లొచ్చిన రోజు కళ్లెవడు చూపించుకుంటాడండీ బాబూ? చివరి ఆయకట్టు మాది. పన్నెండు రోజులకోసారి వంతు. ఇయ్యాళ తప్పితే నారుమడి ఎండి చస్తుంది."

"డాక్టరమ్మ ఇంటింటికీ వచ్చి చెప్పిందట కదండీ?"

"ఎవరొచ్చారండీ? ఎవరూ రాలేదే! వచ్చుంటే చెప్పేవాళ్లం కదా, గురువారం నీళ్లు, ఆ రోజు పెట్టకండమ్మా అని. గోడ మీద కాగితాలు చూసి నవ్వుకున్నాం. మా అల్లుడుగారికి మాత్రం ఫోనొచ్చిందట. వెంకటేశని, థర్మల్‌లో ఇంజనీరు. తలనొప్పి తలనొప్పని ఆయన బాధపడుతుంటే మా ఆవిడ సీతారావమ్మ ఇందాకే స్కూలుకి తోలేసింది."

బురదలోంచి చెన్నకేశవరావు కొడుకు కోటి తలెత్తి నవ్వాడు. ముప్పై ఏళ్లుంటాయి. "బావకి మట్టంటే పడదండీ. కళ్లజోడు పెట్టించుకొచ్చి గట్టు మీద నిలబడి మాకు సలహాలిస్తాడు చూడండి," అన్నాడు.

మౌనేశ్ స్కూలు వైపు తిరిగి చూశాడు. ఇంటింటికీ తిరిగిన మనిషికి నీళ్ల సంగతి తెలియకుండా ఉండదు. చంద్రిక ఈ ఊళ్లో ఒక్క గడప కూడా తొక్కలేదు. ఆమెకు కావలసింది ఊరు కాదు, వెంకటేశ్ ఒక్కడే. మరి నీళ్లొచ్చిన రోజున పనీపాటా లేకుండా క్యూలో కూర్చున్న ఆ ఎనిమిది మంది ఎవరు? కాళ్లకు మట్టి లేదు, బూట్లున్నాయి.

పక్కకు వచ్చి నారప్పకు చెప్పాడు. "సార్, చంద్రిక మనల్ని అమ్మేసింది. మెషీన్ ఈడనే ఉంది. తాయప్పన్నను కూడా ఆమెనే..."

చెవిలో నారప్ప గొంతు గరగరలాడింది. "టీమ్ అరకేర నుంచి వొచ్చేసరికి గంట పడుతది. ఆపు మౌనేశ్. ఎట్లనన్న ఆపు."

ఒక పిస్టల్. ఎనిమిది మంది. లోపల ఒక అమాయకుడు మెషీన్ ముందు గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఈ క్యాంపు జనం ఒక్క కేకతో పరిగెత్తి వచ్చేది ఒక్కదానికే. అది మౌనేశ్‌కు తెలుసు. చిన్నప్పుడు బడిలో క్యాంపు పిల్లల మాటను వెక్కిరించి అందరినీ నవ్వించేవాడు. ఆ యాసలో వాళ్లు దేనికి భయపడేవారో కూడా అప్పుడే విన్నాడు.

స్కూలు పక్కనే ఉన్న రామాలయంలోకి దూరి మైకు ఆన్ చేశాడు.

"గండి పడిందండోయ్! స్కూలు వెనకాల కాలువ గట్టుకి గండి పడింది! పారలు పట్టుకుని పరిగెత్తండోయ్!"

గండి అంటే గట్టు తెగడం. తెగితే వంతు నీళ్లు మొత్తం వాగు పాలు. ఆ మాట విన్నాక ఎక్కడ, ఎప్పుడు అని ఆగి అడిగేవాడు కొత్తగట్టులో లేడు. వరండాలో ముగ్గురు ముసలమ్మలు "అయ్యో రాముడా" అంటూ లేచి, కళ్లలో వేసిన చుక్కల మందు చెంపల మీద కారుతుండగా కాలువ వైపు పరిగెత్తారు. ఎనిమిది మంది మగవాళ్లు మాత్రం ఎవరో ఏదో అమ్ముకుంటున్నారు కాబోలన్నట్టు బెంచీ మీంచి కదల్లేదు.

మౌనేశ్ స్కూలు వెనక కిటికీ తన్ని లోపలికి దూకాడు. గండి మాట విని వెంకటేశ్ ఉలిక్కిపడి మెషీన్ మీంచి తల తీశాడు. ఎంత మట్టి పడకపోయినా ఆ ఇంటి అల్లుడే కదా. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత తొంభై నాలుగు శాతం దగ్గర ఆగిపోయి ఉంది. చంద్రిక చేతిలో సిరంజి.

"ఆరు సెకన్లు, మౌనేశ్," అంది. "ఇంకో ఆరు సెకన్లు ఆగి ఉంటే నీకూ నాకూ గొడవ ఉండేది కాదు."

"తాయప్పన్నను నువ్వేనా?"

"నన్ను అక్కా అనేవాడు. అలాంటి వాణ్ని చంపడం సులువు కాదు." ఆ మాట అంటూనే ఆమె వెంకటేశ్ మెడ వైపు వంగింది.

మౌనేశ్ కాల్చాడు. నీలం చీర బెంచీకి తగులుకుని చిరిగింది. ఏడాదిగా దాచుకున్న ఇష్టం ఒక్క క్షణంలో విషమైపోయింది. ఆమె కిందపడ్డాక కూడా పిస్టల్ దించడానికి అతనికి చెయ్యి రాలేదు.

మరుక్షణంలో బయట రెండు పిస్టల్ దెబ్బలు వినిపించాయి.

లోపలి చప్పుడుకు ఎనిమిది మందీ తుపాకులు తీశారు. సరిగ్గా అప్పుడే స్కూలు మూల తిరిగి వచ్చింది క్యాంపు. అందరికంటే ముందు కోటి, గండికి అడ్డం వేయడానికి భుజాన ఇసుక బస్తాతో. ఎదురుగా పరిగెత్తుకొస్తున్న మనిషిని చూసి బెదిరిన వాడెవడో కాల్చాడు. ఒక గుండు బస్తాకు తగిలింది. రెండోది తగల్లేదు బస్తాకు.

ఆ తరువాత పారలు మాట్లాడాయి. యాభై మంది రైతుల మధ్య ఎనిమిది తుపాకులు ఎంతసేపు నిలుస్తాయి! టీమ్ వచ్చేసరికి ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ప్రాణాలతో ఉన్నారు, ముగ్గురు లేరు. మెషీన్‌ను సీజ్ చేశారు. థర్మల్ స్టేషన్‌లో లైట్లు ఒక్క రెప్ప కూడా కొట్టలేదు.

కోటిని ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని సిరవార బయల్దేరారు. సగం దారిలో పోయాడు. ట్రాలీని వెనక్కి తిప్పారు. సీతారావమ్మ కొడుకు మొహం మీది బురదను కొంగుతో తుడుస్తూనే ఉంది, ఎంత తుడిచినా పోవడం లేదని మొగుడి మీద కసురుకుంటోంది. వెంకటేశ్ గోడకు ఆనుకుని, మందు వేసిన కళ్లతో ఏమీ సరిగ్గా కనపడక ఏడుస్తున్నాడు.

చెన్నకేశవరావు నెమ్మదిగా మౌనేశ్ దగ్గరికి వచ్చాడు.

"మైకులో అరిచింది మీరేనాండీ?"

"నేనే."

"గండి ఎక్కడ పడింది?"

దేశం, కరెంటు, కంట్రోల్ రూం, అల్లుడి ప్రాణం, చెప్పడానికి చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు. అరువు యాసను కూడా వదిలేశాడు.

"యాడ వడలేదు పెద్దాయనా. నేను అబద్ధం చెప్పిన."

పెద్దాయన కాలువ వైపు తల తిప్పాడు. "పడలేదా... హమ్మయ్య. అయితే నీళ్లు పోలేదన్నమాట," అన్నాడు. అని, రెండడుగులు కాలువ వైపు వేసి, అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సోమవారానికి రిపోర్టు టైపయింది. మన వైపు ప్రాణనష్టం అన్న గడిలో తాయప్ప పేరుంది. డిపార్టుమెంటు మనిషి కాని కోటిని ఏ గడిలో వేయాలో నారప్పకు కూడా తోచలేదు. చివరికి టైపిస్టే ఆలోచించి, 'స్థానికుల సహకారం: బాగుంది' అని రాసి ఫైలు మూసేశాడు.